ఎవరో పిలుస్తున్నారు, పలకరేం?

ఆ రోజుకి శ్రీహరిరావు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున కాఫీ, ఆ తరువాత లాడ్ బజారు, మధ్యాహ్నానికల్లా ఇల్లు, భోజనమయ్యాక మంచం మీద వాలి అరచేతిలో భార్యను చూసుకోవడం.

భార్య కమలకుమారి పోయి మూడేళ్ళు దాటింది. గోడ మీద ఫోటో ఉంది. ఫోటో మంచిదే గాని మాట్లాడదు. ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలింది ఒక్కచోటే, కూతురు ఉదయశ్రీ పెళ్ళి డీవీడీలో. అందులోనూ ఆవిడ వాటా ఒక్క నిమిషం కన్నా తక్కువే. పెళ్ళికూతురి తల్లికి వీడియోలో కనిపించే తీరిక ఎక్కడిది? పెళ్ళంతా వంటశాలలోనే గడిపేసింది. గ్రూపు ఫోటోకి రమ్మని ఫోటోగ్రాఫరు గొంతు చించుకుంటుంటే, శ్రీహరిరావు పందిరిగుంజ పక్కన నిలబడి బంతిపూల దండ వంక చూస్తూ ఉండిపోయారు. అప్పుడు వంటశాల గుమ్మంలోంచి ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఏవండీ! మిమ్మల్నే! ఎవరో పిలుస్తున్నారు, పలకరేం?" అని ఒక్క కేక వేసింది. కెమెరా ఉలిక్కిపడి అటు తిరిగింది. ఆవిడ కెమెరాను చూసి, వచ్చే నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అంతే.

ఆ అంతే కోసం ఆయన ప్రతి సాయంత్రమూ డిస్కు వేసుకునేవారు. ఈమధ్య డీవీడీ ప్లేయరు నాలుక చాపినట్టు పళ్ళెం బయటపెట్టి, తిరిగి లోపలికి తీసుకోవడం మానేసింది. డిస్కు మీద కూడా గీతలు పడ్డాయి. "ఏవండీ" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయి, గొంతు నత్తినత్తిగా వచ్చేది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ నత్తి కూడా ఉండదేమోనని ఆయనకు బెంగ పట్టుకుంది.

"ఫోన్‌లోకి ఎక్కించుకుందాం నాన్నా, ఆదివారం తీసుకురా, ఆయన చూస్తారు," అంది మలక్‌పేటలో ఉండే ఉదయశ్రీ. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అల్లుడు ఫణికుమార్‌కి తీరిక రాలేదు. చివరికి సైదాబాద్‌లో ఆయన అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు రుక్మాబాయి కలగజేసుకుంది.

"గింత దానికి అల్లుని బతిమాలుడేంది రావుసాబ్? లాడ్ బజార్ల మా మరిది కొడుకు సీతారాం లేడా? అవుతల మా మరిది గాజులమ్ముతడు, ఇవుతల వీడు ఫోన్లల్ల పాటలు ఎక్కిస్తడు. నా పేరు చెప్పున్రి."

సీతారాం దుకాణం రుక్మాబాయి చెప్పినట్టే ఉంది. సగం తండ్రిది, సగం కొడుకుది. ఆ సగంలో లక్క గాజులు మెరుస్తుంటే, ఈ సగంలో ఒక కంప్యూటరు, రెండు పెద్ద స్పీకర్లు, వాటి పక్కన ఖాళీ గాజుల పెట్టెలు. వచ్చినవాళ్ళ మెమరీ కార్డులను సీతారాం ఆ పెట్టెల గళ్ళలోనే దాచేవాడు. గోరంత కార్డులు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. ఏ గడి ఎవరిదో అతని బుర్రలో ఉంటుంది.

"సార్, డిస్కు గట్లనే ఫోన్ల పడది," అన్నాడు సీతారాం డీవీడీని వెలుతురుకు పట్టి చూస్తూ. "గిది పెద్ద సినిమా. మీ ఫోను చిన్న టాకీసు. కన్వర్ట్ చేయాలె. మంచిగ పిండి, చిన్నగ చేసి కూసోబెడత."

"పిండితే మాటలు పోవు కదా నాయనా?"

"నీళ్ళు పోతయి సార్, మాటలు పోవు. ఫికర్ చేయకున్రి."

శ్రీహరిరావుకి ధైర్యం చాలలేదు. తనకు కావలసిన చోటు ముందుగా ఒక్కసారి చూపించమన్నారు. సీతారాం వెతికి వెతికి వంటశాల గుమ్మం దగ్గర ఆపి, మీట నొక్కాడు. అంతకుముందు ఎవరికో పాటలు వినిపించిన స్పీకర్లు ఇంకా అదే జోరులో ఉన్నాయి.

"ఏవండీ! మిమ్మల్నే! ఎవరో పిలుస్తున్నారు, పలకరేం?"

గాజుల వైపు బేరాలాడుతున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి మాటలు ఆపేశారు. వీధి అవతల మూటలు మోస్తూ నిలబడ్డ భర్తలు ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ఒకాయన "ఆఁ!" అని కూడా అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, గాజుల సగమంతా నవ్వులే. శ్రీహరిరావు చెవులు ఎర్రబడ్డాయి గాని లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. సీతారాం పెద్ద స్పీకర్లలో కమలకుమారికి నత్తి లేదు.

మర్నాడు కార్డు ఇచ్చాడు సీతారాం. డిస్కు మాత్రం "మిషన్ల ఉన్నది సార్, చల్లబడ్డంక ఇస్త" అన్నాడు. వేడివేడి వంటకాల సంగతి తెలిసిన ఆయనకు అది సబబుగానే తోచింది.

ఇంటికొచ్చి, అనుకున్నట్టే భోజనం చేసి, అనుకున్నట్టే వాలి, ఫోను తెరిచారు. పెళ్ళి కనిపించింది. పందిరి కనిపించింది. జనం కూడా కనిపించారు గాని ఒక్కొక్కరి తల మినప్పప్పు గింజంత. పట్టుచీరలన్నీ ఒకటే రంగు, మీసాలన్నీ ఒకటే మీసం. కాసేపు చూసేసరికి కళ్ళు నీళ్ళు కారడం, అక్కడ ఆపడం, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడం. ఇలా వారం రోజులు ఆయన కమలకుమారి కోసం ఆ జనంలో వెతికారు. రుక్మాబాయి సాయానికి వచ్చింది.

"గా పచ్చచీరె నేనే. మీ బిడ్డ పెండ్లికి గదే కట్టిన."

"మరి పక్కనున్నది కమలేనా?"

"ఇంకెవరు? నన్ను ఇడిసి ఉండెనా అమ్మ?"

ఆ పక్కనున్న మినప్పప్పు గింజను చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ తరువాత ఫోన్‌లో బ్యాండు మోగింది. పెళ్ళికొడుకు గుర్రం దిగాడు.

"మన ఫణికుమార్ గుర్రం ఎక్కాడా రుక్మాబాయి గారూ?" అన్నారు శ్రీహరిరావు అనుమానంగా.

రుక్మాబాయి చాలాసేపు ఆలోచించింది. "నేను అప్పుడు భోజనానికి కూసున్ననేమో," అంది.

ఫణికుమార్ స్కూటరు ఎక్కడానికే రెండుసార్లు ఆలోచించే మనిషి. ఫోన్‌లో ఉన్నది తమ ఇంటి పెళ్ళి కాదని ఆయనకు అప్పుడు తెలిసింది. తన కార్డు ఎవరికో వెళ్ళింది, ఎవరి కార్డో తనకు వచ్చింది. సరే, డిస్కు ఉంది కదా అనుకుని మళ్ళీ లాడ్ బజారు బస్సెక్కారు. బస్సు కిక్కిరిసి ఉంది. చంచల్‌గూడ దాటుతుండగా, సరిగ్గా ఆయన వెనుక నుంచి వినపడింది.

"ఏవండీ! మిమ్మల్నే!"

"ఆఁ, వస్తున్నా కమలా," అన్నారు శ్రీహరిరావు. అనేశాక వెనక్కి తిరిగారు. వెనుక ఒక లావుపాటి మనిషి ఫోను చెవికి పెట్టుకుని, ఇల్లు దగ్గర పడ్డానని ఎవరికో అబద్ధం చెబుతున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళే లేరు. కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "యాడికి వస్తున్నవు పెద్దాయన? దిగుతవా?" అన్నాడు. ఆయన గాభరాపడి దిగిపోయారు. చార్మినారు ఇంకా చాలా దూరం ఉంది.

నడిచి వెళ్ళేసరికి సీతారాం సగానికి తాళం వేసి ఉంది. గాజుల సగంలో అతని తండ్రి, "మొక్కున్నదని ఎములాడ గుడికి పోయిండు. ఎల్లుండి వస్తడు," అని చెప్పి గాజులు సర్దుకున్నాడు.  శ్రీహరిరావు ఎదుటి ఇరానీ హోటల్లో కూచుని చాయ్ చెప్పారు. చాయ్ పెదవులకు తాకేలోపు గల్లా దగ్గర నుంచి మళ్ళీ అదే పిలుపు. ఈసారి ఆయన పలకలేదు. చాయ్ మాత్రం చొక్కా మీద పడింది. వేడి ఎక్కువ లేదు. అదొక్కటే ఆ పూట దేవుడు చేసిన మేలు.

మర్నాడు రుక్మాబాయి ఆగలేదు. "రేపటి దాక ఏంది లొల్లి? యాకుత్‌పురల వాని ఇల్లు ఉన్నది, పెండ్లాం ఉంటది, అడుగుదం పా," అని ఆటో పిలిచింది. మధ్యాహ్నం అయింది. యాకుత్‌పురా దగ్గర రైలు గేటు పడింది. స్కూటర్లు, ఆటోలు, సైకిళ్ళు, ఒక మేకల మంద, అన్నీ గేటుకు ముక్కు ఆనించి నిలబడ్డాయి. ఆటో అతను సందులోంచి పోదామంటాడు, రుక్మాబాయి వద్దంటుంది. ఆ రగడ పడలేక శ్రీహరిరావు కిందికి దిగారు.

"ఏవండీ! మిమ్మల్నే!" ఎడమ నుంచి. ఆయన అటు తిరిగారు. "ఏవండీ! మిమ్మల్నే! ఎవరో పిలుస్తున్నారు..." కుడి నుంచి. ఇటు తిరిగారు. వెనుక మేకల మందలోంచి కూడా "పలకరేం?"

బతికినన్నాళ్ళూ కమలకుమారి వంటింట్లోంచి మాత్రమే పిలిచేది. ఇప్పుడు మూడు దిక్కుల నుంచి పిలుస్తోంది. శ్రీహరిరావు గేటు ముందు నిలబడి, నాటకాల్లో దిక్పాలకులకు దండం పెట్టేవాడిలా చుట్టూ తిరుగుతూ, "ఆఁ... ఆఁ... ఇక్కడే ఉన్నానే!" అంటున్నారు. అప్పుడే రైలు కూత వేసుకుంటూ వచ్చింది. ఆటోలోంచి తల బయటపెట్టిన రుక్మాబాయికి పిలుపులు వినపడలేదు. పలకడం మాత్రం కనపడింది.

ఆవిడ సీతారాం ఇంటి సంగతే మరిచిపోయింది. ఆటో వెనక్కి తిప్పించి, ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి, గుమ్మానికి నిమ్మకాయలు కట్టి, ఉదయశ్రీకి ఫోను చేసింది. "బిడ్డా, మీ అమ్మ వచ్చి మీ నాయినను పిలుస్తున్నది. ఆయన పోత పోత అంటున్నడు. జల్ది రా."

ఉదయశ్రీ ఆఫీసు నుంచి ఆ చీరతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది నాన్నా?"

"ఏమీ లేదమ్మా. మీ అమ్మ పిలిచింది."

"ఎక్కడ?"

"ముందు బస్సులో. తరువాత ఇరానీ హోటల్లో. ఇవాళ రైలు గేటు దగ్గర. మీ అమ్మ హోటలుకి రాదే, అదే నాకూ అర్థం కావడం లేదు."

ఉదయశ్రీ ఏడవలేదు. గదిలో తాళంకప్ప ఎక్కడుందో చూసుకుంది. "ఇక ఒక్కడివీ ఉండొద్దు. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం, అటునుంచి అటే మా ఇంటికి. ఎవరైనా పిలిస్తే పలకనని ఒట్టెయ్యి."

"మీ అమ్మ పిలిచినా?"

"అమ్మ పిలిస్తే అసలు పలకొద్దు!"

శ్రీహరిరావు కూతురి చేతిలో చెయ్యి వేశారు. నిజానికి ఆయన భయం మతి పోతోందని కాదు. డిస్కులో ఉన్న గొంతూ ఈ గొంతూ ఒకటే. ఎక్కడ దాచుకున్నది ఎక్కడికి కారిపోతోందో తెలియడం లేదు. అంతా కారిపోయాక డిస్కులో ఏం మిగులుతుంది?

నరాల డాక్టరు సోమశేఖర్ మెత్తటి మనిషి. ఆయన ముందు ఉదయశ్రీ అంతా చెప్పింది.

"ఆవిడ ఏమని పిలుస్తారండీ?" అన్నాడు డాక్టరు.

"అది మా ఇంటి మాట," అన్నారు శ్రీహరిరావు తల దించుకుని.

"పోనీ లెండి. చూడండి, అలాంటి గొంతు బయటినుంచి రాదు. మనసులోంచి వస్తుంది. పక్కవాళ్ళెవరికీ వినపడకపోవడమే దానికి గుర్తు. అర్థమయిందా?"

శ్రీహరిరావు బుద్ధిగా తల ఊపారు. సరిగ్గా అప్పుడు డాక్టరు బల్ల సొరుగు మాట్లాడింది.

"ఏవండీ! మిమ్మల్నే! ఎవరో పిలుస్తున్నారు, పలకరేం?"

శ్రీహరిరావు ఒట్టు గుర్తుంచుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, బిగుసుకుపోయి కూర్చున్నారు. పక్క కుర్చీ దభాలున వెనక్కి పడింది.

"అమ్మా!" అంది ఉదయశ్రీ లేచి నిలబడి, సొరుగు వంక చూస్తూ.

డాక్టరు సోమశేఖర్ తాపీగా సొరుగు లాగి, ఫోను తీసి, "ఆఁ, చెప్పు. లేదు, ఇంకా పేషెంట్లున్నారు. సరే, ఉల్లిపాయలు తెస్తాను," అని పెట్టేశాడు. తలెత్తి చూస్తే రోగి నిమ్మళంగా ఉన్నాడు, వెంట వచ్చిన మనిషి వణికిపోతోంది. ఆయన శ్రీహరిరావు వైపు వంగి, గొంతు తగ్గించి, "ఈవిడకి ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాడు.

చిక్కు విడదీయడానికి కాసేపు పట్టింది. "నాకేం తెలియదండీ," అన్నాడు డాక్టరు నొచ్చుకుంటూ. "ఫోను ఎత్తనని మా ఆవిడ కోపం. మొన్న గాజులకని లాడ్ బజారు వెళ్ళి, నా ఫోన్‌లో ఇది పెట్టించుకొచ్చింది. అక్కడ ఆడవాళ్ళందరూ ఇదే పెట్టిస్తున్నారట. భోజనాల వేళ ఓల్డ్ సిటీలో మొగుళ్ళ జేబులన్నీ ఇలాగే మోగుతున్నాయట."

మర్నాడు తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ సీతారాం దుకాణం మీద పడ్డారు. సీతారాం గుండు మెరుస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు భర్తల ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. శ్రీహరిరావును చూడగానే అతను చేతులు జోడించాడు.

"డిస్కు మిషన్ల ఇరికి పగిలింది సార్. ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె? అందుకే ఎములాడ పోయిన. కార్డుల అయితే మంచిగ ఎక్కింది కద అనుకున్న."

"కార్డులో గుర్రం ఉంది నాయనా."

సీతారాం గాజుల పెట్టె వంక చూశాడు. "మా బాపు తుడుస్తుంటె పెట్టె బోర్ల పడ్డది సార్. గప్పుడే మారినయి."

"మరి కంప్యూటర్లో?" అంది ఉదయశ్రీ.

"వైరస్ వచ్చింది మేడం. అంత కడిగి పారేసిన."

"మా కార్డు తీసుకెళ్ళినవాళ్ళు?"

"ఇంక రాలే మేడం. గుర్రం కోసం చూస్తున్నరేమో. గుర్రం రాకుంటె వాళ్ళే వస్తరు."

"అంటే నా పెళ్ళి మొత్తం పోయిందా?" ఉదయశ్రీ గొంతు ఒక్కసారిగా సరిగ్గా వాళ్ళమ్మ గొంతులా లేచింది. గాజుల సగంలో ఇద్దరు ఆడవాళ్ళు తమ చేతుల్లోని ఫోన్ల వంక చూసుకున్నారు.

"మొత్తం కాదు మేడం. గా ఒక్క మాట రింగ్‌టోన్ చేసిన. నవ్వులాటకు మా ఆమె అడిగితె చేసిన, అందరు అడగవట్టిరి. గది కంప్యూటర్ల లేదు గని, ఊరంత ఉన్నది."

శ్రీహరిరావు ఆడవాళ్ళ చేతుల్లోని ఫోన్ల వంక చూశారు. పెళ్ళిలో తనకు కావలసింది ఎప్పుడూ ఆ ఒక్క నిమిషమే. బొమ్మ పోయింది. నత్తి లేని గొంతు మాత్రం ఇంతమంది చేతుల్లో భద్రంగా ఉంది. తన దగ్గర తప్ప.

"అది నా ఫోన్‌లోకి ఎవరైనా పంపిస్తారా?" అన్నారు.

బురఖా వేసుకున్న ఒకావిడ ముందుకొచ్చింది. "లేలో చాచా, బ్లూటూత్ ఆన్ కరో. హమారే సాబ్ అబ్ పైలీ ఘంటీ పే ఉఠా లేతే. జబాన్ తో సమఝ్ మే నై ఆయీ, డాంట్ సమఝ్ మే ఆ గయీ!" ఆవిడ భర్తకి భాష అర్థం కాకపోయినా తిట్టు అర్థమై, ఇప్పుడు మొదటి మోతకే ఫోను ఎత్తుతున్నాడట. చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల మధ్యలోనే ఆవిడ అడిగింది, ఈ గొంతు ఎవరిదని.

"మేరీ బీవీకా," అన్నారు శ్రీహరిరావు.

"హాయ్ అల్లా! అబ్బీ గిట్లనే బులాతీ క్యా?" అని, ఇప్పటికీ ఇలాగే పిలుస్తుందా అన్నట్టు సగం తెలుగులో అడిగింది ఆవిడ.

"మూడు రోజుల నుంచి తెగ పిలుస్తోందమ్మా," అన్నారాయన.

ఉదయశ్రీ మొహం అటు తిప్పుకుని, అవసరం లేకపోయినా గాజులు బేరం చేసింది.

తండ్రిని తన ఇంటికి తీసుకుపోయే ఆలోచన ఆవిడ మానుకుంది. ఆ సాయంత్రమే కొత్త సమస్య మొదలయింది. సైదాబాద్‌లో ఫోను మోగుతుంది, మోగుతూనే ఉంటుంది, ఆగిపోతుంది. ఎత్తితే కమలకుమారి మాట మధ్యలో తెగిపోతుందని, శ్రీహరిరావు చివరిదాకా విని, తల ఊపి, ఇంకోసారి మోగుతుందని చూస్తూ కూచుంటారు. కింద నుంచి రుక్మాబాయి, "రావుసాబ్! అమ్మ పిలుస్తున్నది, పలుకున్రి!" అని కేక వేస్తుంది. "ఎన్నిసార్లు చెయ్యాలి నాన్నా నీకు?" అని మూడోసారికో నాలుగోసారికో ఆయన ఫోను ఎత్తాక ఉదయశ్రీ కోప్పడుతుంది.

కోపం న్యాయమే గాని, కమలకుమారి ఉన్న రోజుల్లో మాత్రం ఆ ఇంట్లో మొదటి పిలుపుకే ఎవరు పలికారు గనక.